పోపు పెట్టడానికి విండ్సర్ వెళ్ళాం

పొగ వస్తే కూసే అలారాన్ని ఎవడో మహానుభావుడు మా కేరవాన్‌లో సరిగ్గా పొయ్యి నెత్తి మీద బిగించాడు. ఆవాలు చిటపటమంటే చాలు, అది గోల మొదలెట్టేది. దాని గోల వినగానే పక్క కేరవాన్ ముసలాయన తడితువాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు, పాపం, మమ్మల్ని కాపాడటానికి. రెండోసారి వచ్చాక నాకే సిగ్గేసి పోపు మానేశాను. అప్పట్నుంచి మా ఇంట్లో పప్పంటే ఉప్పేసి ఉడికించిన పసుపునీళ్ళే.

ఇల్లంటే ఆ చక్రాల కేరవానే. రౌస్ హిల్‌లో ఉన్న ఇంటికి మంచి బేరం వచ్చిందని అమ్మేసి, స్కోఫీల్డ్స్‌లో కొత్తది కట్టిస్తున్నాం. చలికాలం లోపు తాళాలు చేతిలో పెడతానన్నాడు బిల్డర్. ఏ చలికాలమో చెప్పలేదు. అందాకా అద్దె దండగ, కేరవాన్ కొంటే తర్వాత దేశమంతా తిరగొచ్చన్నారు మా ఆయన. ఐటీ మనిషి కదా, స్క్రీన్ మీద ఏది కనిపిస్తే అది నమ్ముతారు. ఎదిగిన కూతుర్ని వెంటేసుకుని కేరవాన్ పార్కుకి చేరాం. దేశం సంగతి దేవుడెరుగు, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు మంచమెక్కి దారివ్వాలి.

ఆ శనివారం పొద్దున్న మా ఆయన కాఫీ చప్పరిస్తూ, ఇవాళ ఎండ బాగుందన్నంత మామూలుగా, "సోమవారం బిల్డర్‌కి ఫైనల్‌గా చెప్పెయ్యాలి. ఆ స్పైస్ కిచెన్ తీసేసి హోమ్ థియేటర్ పెట్టించుకుందాం," అన్నారు.

ఇక్కడ మనవాళ్ళ కొత్తిళ్ళలో వంటిళ్ళు రెండు. ముందుది చూపించుకోవడానికి. అందులో తెల్లరాతి బల్ల, దాని మీద ఎవరూ తినని ఆకుపచ్చ ఆపిల్‌పళ్ళు. గృహప్రవేశం నాడు అక్కడ పాలు పొంగిస్తారు, వచ్చిన ఆంటీలందరూ ఆ రాతిని చేత్తో నిమురుతారు, ఆ తర్వాత ఆ పొయ్యి మళ్ళీ వెలగదు. రెండోది గరాజ్ పక్కన, తలుపేసుకునే చిన్న గది. అసలు వంట అందులో. దాని పేరే స్పైస్ కిచెన్. ఆ గది ఉందనే నేను ఈ కేరవాన్ బతుక్కి ఒప్పుకున్నాను. పడుకుంటే కల్లో కూడా ఆ గదే, అందులో మూకుడు, మూకుట్లో ఎర్రబడుతున్న ఎండుమిరపకాయ.

"మరి నేను పోపు ఎక్కడ పెట్టుకోను?"

"ఇన్నాళ్ళూ పోపు లేకుండానే తిన్నాం కదే. ఎవరికేమైంది?"

మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా, "యా అమ్మా. మై యూనిఫామ్ డజంట్ స్మెల్ ఎనీమోర్. ఐ లవ్ ఇట్," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పప్పుగిన్నె, అన్నం కుక్కర్, పోపులపెట్టె, మూకుడు సంచిలో పడేసి, "లేవండి, కారెక్కండి," అన్నాను. "విండ్సర్ పోదాం. నది ఒడ్డున పార్కులో ఊరందరికీ బార్బీలు పెట్టి ఉంచారు. పోపు తిని అప్పుడు చెప్పండి ఎవరికేమైందో."

ఆ బార్బీ అంటే ఇటుకల దిమ్మ మీద మాంసం కాల్చుకునే ఉక్కు పలక. బటన్ నొక్కితే వేడెక్కుతుంది. కొవ్వు కారిపోవడానికి మధ్యలో ఒక చిల్లు. పక్క పలక మీద నిక్కరేసుకున్న పెద్దాయన ఒకడు సాసేజ్‌లు తిప్పుతున్నాడు. మా మూకుడికి అడుగు గుండ్రం, పలకేమో చదును. ఎంతకీ వేడెక్కదే. కాంటాక్ట్ ఏరియా చాలట్లేదంటూ మా ఆయన పాఠం మొదలెట్టారు. నాకు విసుగొచ్చి మూకుడు పక్కన పెట్టి, నూనె తిన్నగా పలక మీదే పోశాను.

నూనె చిల్లు దారి పట్టింది. దాని వెనకే ఆవాలు, ఆవాల వెనకే జీలకర్ర. పెద్దాయన జాలిపడి సగం ఉల్లిపాయ ఇచ్చాడు. మా ఆయన దాన్ని చిల్లులో కుక్కి, చేతులు దులుపుకున్నారు. అన్నేళ్ళ ఇంజినీరింగ్ చదువు ఆ పూటకి అక్కరకొచ్చింది.

ఇక చూడండి, ఆవాలు పేలాయి. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు అన్నీ వేసేశాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, ఘాటుకే అనుకోండి. మా అమ్మాయి అప్పటికే హుడీ ముసుగు నెత్తిమీదికి లాక్కుని, మేమెవరో తెలీనట్టు, అల్లంత దూరంలో బెంచీ మీద కూర్చుంది. పెద్దాయన దగ్గుతూ ఆ బెంచీ దగ్గరికే వెళ్ళి, ఆవిడ వండేదేమిటని అడిగాడు.

"ఇట్స్ పోపు," అంది మా పిల్ల. "యూ డోంట్ డూ ఇట్ ఇన్‌సైడ్ ద హౌస్."

చెప్పులు బయట విడవాలి అన్నంత మామూలుగా చెప్పింది. వెక్కిరింత లేదు, సిగ్గు కూడా లేదు. అదే నాకు కలుక్కుమంది. దాన్నేం అంటాం, రెండు వంటిళ్ళ కొంపలు చూస్తూ పెరిగింది. వాసన లేని వంటిల్లు చుట్టాలకి, వాసన వేసే అమ్మ గరాజ్ పక్కకి. ఇన్నాళ్ళూ నేను కలలు కన్నది కూడా ఆ గది గురించే.

పోపుని పెద్దాయన ఇచ్చిన బ్రెడ్డుముక్కతో గీకి పప్పులో వేశాను. మా ఆయన మూడుసార్లు పెట్టించుకున్నారు. మా అమ్మాయి ఊరికే రుచి చూస్తానని వచ్చి గిన్నె ఊడ్చింది. చేయి కడుక్కుంటూ మా ఆయన, జమీందారు ఈనాం రాసిచ్చినట్టు, "సరేలే, నీ స్పైస్ కిచెన్ ఉంచేద్దాం," అన్నారు.

"వద్దు. మీ థియేటరే పెట్టించుకోండి."

"మరి పోపు?"

"ముందు వంటింట్లో. ఆ తెల్లరాయి పక్కనే. పాలు పొంగించిన మర్నాటి నుంచి రోజూ."

ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "పసుపు మరక పడితే పోదే ఆ రాయికి," అన్నారు. స్పైస్ కిచెన్‌కి పెద్ద కిటికీ పెట్టిస్తానన్నారు, ఏసీ పెట్టిస్తానన్నారు. దారంతా బతిమాలుతూనే ఉన్నారు. నేను వద్దంటూనే ఉన్నాను.

వెనక సీట్లోంచి, "వాట్ అబౌట్ మై ఫ్రెండ్స్?" అంది మా అమ్మాయి.

"వస్తే ఆకలేస్తుంది. అన్నం పెడతాను."

అది కారు అద్దం సగం దించి, ఎందుకో తన చొక్కా చెయ్యి వాసన చూసుకుని, మళ్ళీ ఎత్తేసింది.

సోమవారం మా ఆయన బిల్డర్‌కి ఫోన్ చేశారు. స్పైస్ కిచెన్ ఊసు లేదు, థియేటర్ ఊసు లేదు. ముందు వంటింట్లో రాయి నల్లది దొరుకుతుందా అని అడిగారు.