బాపును కాలువలో కలిపిన రోజు

వారమంతా ఇంజిన్ల కింద పడుకునే మనిషికి ఆదివారం నాడు ఏం కావాలో మా గల్లీలో ఎవరికీ అంతుబట్టేది కాదు. మా బాపు బస్సు డిపోలో ఫిట్టర్. సెలవు దొరికితే మిగతా మగవాళ్ళు ఇరానీ హోటల్లో చాయ్ ముందు కూర్చునేవాళ్ళు, లేదంటే మ్యాట్నీకి పోయేవాళ్ళు. బాపు మాత్రం తెల్లారగానే సైకిల్ తుడిచి, నన్ను ముందు రాడ్డు మీద, అమ్మను వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని బయలుదేరేవాడు. "ఏంది భాయ్, సంసారమంత ఎత్తుకొని యాడికి?" అని మూల మీది గాజుల దుకాణం అతను ప్రతి ఆదివారం అదే మాట అడిగేవాడు. "హవా తినొస్తం భాయ్" అనేవాడు బాపు.

మేము పోయేది మూసీ కాలువ గట్టుకు. చాదర్‌ఘాట్, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ దాటేదాకా బాపు నోరు తెరిచేవాడు కాదు. లారీల పక్కన తొక్కడం మీదే ధ్యాసంతా. నాగోల్ దాటాక మూసీకి అడ్డంగా ఒక రాతి కట్ట ఉండేది. అక్కడివాళ్ళు దాన్ని కత్వ అంటారు. ఆ కట్ట దగ్గర ఆగిన నీళ్ళు పక్కకు తిరిగి కాలువలో పడేవి. గట్టు ఎక్కగానే బాపు భుజాలు సడలడం రాడ్డు మీద కూర్చున్న నాకు తెలిసేది. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క మడులు, మధ్యలో ఎత్తూ పల్లం లేని మట్టి బాట. బస్సు రాదు, లారీ రాదు. వస్తే పాతబస్తీ బర్రెల కోసం పచ్చగడ్డి మోపులేసుకుని సైకిళ్ళు ఎదురొచ్చేవి. మోపు తప్ప తొక్కేవాడు కనిపించేవాడు కాదు. "గడ్డి ఒస్తుంది, పక్కకు జరుగు" అని అమ్మ వెనక నుంచి నవ్వేది.

"విను" అనేవాడు బాపు కొంతదూరం పోయాక.

"ఏం వినాలె?"

"ఏం ఇనొస్తలేదు గద. గదే విను."

నాకు సైకిల్ నేర్పింది కూడా ఆ గట్టు మీదే. గల్లీలో నేర్పితే అరుగు మీద కూర్చున్న ప్రతివాడూ ఉస్తాదే అవుతాడని బాపు భయం. సీటు పట్టుకుని పరుగెత్తేవాడు. ఒకరోజు చెప్పకుండా వదిలేశాడు. నేను నేరుగా కాలువలోకి పోయాను. బాపు ముందు కడుపు పట్టుకుని నవ్వి, తరవాత చెయ్యిచ్చి లాగాడు. ముందు నవ్వినందుకు నేను ఇల్లు చేరేదాకా ఆయనతో మాట్లాడలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ.

అమ్మకు ఉన్నది ఒక్కటే బాధ. బాపు బాగుచేసిన బస్సులు శ్రీశైలం పోయేవి, బెజవాడ పోయేవి. బాపు మాత్రం నాగోల్ కాలువ దాటి ఎక్కడికీ పోలేదు. "ఊరందర్ని తోలిచ్చెటోనివి, ఒక్కసారి నువ్వు పోవా?" అని అమ్మ అడిగితే, "రిటైర్ గానియ్యి. ముందుగాల కృష్ణల మునుగుదాం, తర్వాత జూద్దాం" అనేవాడు. ఆ మాట అమ్మ నమ్మింది. పెట్టెలో కొత్త పంచె ఒకటి మడతపెట్టి ఉంచింది కూడా.

రిటైరు కాకముందే, ఒక చలికాలం పొద్దున డిపోలో, ఎత్తిపెట్టిన బస్సు పక్కన గుండె పట్టుకుని కూర్చుండిపోయాడట. ఆస్పత్రికి చేరేసరికే లేడు. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను.

పురానాపూల్ దగ్గర దహనం చేశారు. మూడోనాడు ఎముకలు, బూడిద ఏరి కొత్త ముంతలో పెట్టి తెల్లగుడ్డ కట్టారు. ఆ ముంతను ఇంట్లోకి తేకూడదు. అక్కడే పక్కన పారే మూసీలో కలిపేయడం మా వాళ్ళకు అలవాటు. మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, ముంత పట్టుకుని నీళ్ళ వైపు దిగబోయాడు. ఆయన బస్సు డ్రైవరు. తలకొరివి పెట్టింది కూడా ఆయనే. అమ్మ అడ్డం పోయింది.

"ఇండ్ల కలపొద్దు తమ్మీ. ఇది నది గాదు, మురికి మోరీ."

"మరి బస్సుల కృష్ణకు పోదాం వదినే. నేనే తీస్కపోత."

"బస్సెక్కియ్య. బతుకంత వాటి కిందనే ఉన్నడు." అమ్మ ముంత మీద చెయ్యి వేసింది. "మూసీ పోయి కృష్ణలనే గద కలిసేది? నీళ్ళు మంచిగున్న కాడ కలుపుదాం. ఆయనంతల ఆయనే పోతడు. బతికినన్నొద్దులు యాడికి పోలె, గిప్పుడన్న పోవాలె."

ఆడవాళ్ళు అస్థికల వెంట పోవడమేమిటని పెద్దవాళ్ళు లొల్లి చేశారు. "నేను క్యారియర్ మీద కూసుంట, నా బిడ్డ తొక్కుతది. మీకేం ఫికర్?" అంది అమ్మ. అంతే.

చిన్నబాపు ముంతను తువ్వాలుతో తన సైకిల్ హ్యాండిల్‌కు కట్టుకున్నాడు. నేను బాపు సైకిల్ తీశాను. మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. అస్థికలు తీసుకుపోయేటప్పుడు దారిలో ప్రతి మలుపు దగ్గరా పోయినవాళ్ళకు చెప్పాలి, లేకపోతే వాళ్ళు తప్పిపోతారట. చాదర్‌ఘాట్ దగ్గర ఆటోలు, రిక్షాలు, హారన్ల మధ్య చిన్నబాపు "అన్నా, ఎడమకు తిరుగుతున్నం, రా" అని అరిస్తే ట్రాఫిక్ పోలీసు నోరు తెరుచుకుని చూశాడు. ఇంకో రోజైతే నవ్వి చచ్చేదాన్ని. ఆ రోజు ఏ మలుపు దగ్గరైనా ఆయన మరిచిపోతాడేమోనని చెవులు రిక్కించి తొక్కాను.

కత్వ చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. కట్ట కింద మూసీ సన్నటి నురగపాయ, రాళ్ళ మధ్య ఎక్కడిదక్కడే నిలిచి ఉంది. కాలువ మాత్రం ఒడ్డు ఒరుసుకుని పారుతోంది. నీళ్ళు తేటగా ఉన్నాయనను, కానీ పారుతున్నాయి.

"పారే నీళ్ళంటే గివే" అన్నాడు చిన్నబాపు.

"ఇవి యాడికి పోతయి?" అడిగింది అమ్మ.

"యాడికి పోతయి వదినే? గల్లీ రోడ్డు ఏదైనా పోయి పోయి మెయిన్ రోడ్డుల కలవాల్సిందే గద. ఇది గూడ ముందుకు పోయి మూసీల పడతది."

జీవితమంతా రోడ్ల మీదే తిరిగినవాడు, అంత ధీమాగా చెప్పాడు. మేమూ బస్తీలో పుట్టినవాళ్ళమే. మాకు అది తప్పుగా తోచలేదు. చిన్నబాపు మోకాలి లోతు దిగి ముంత వంచాడు. బూడిద కాసేపు తెల్లగా తేలి, సాగి, నీళ్ళలో కలిసింది. అమ్మ బంతిపూలు వేసింది.

"మూసీల కలిసెదాక తోలిచ్చి వద్దాం" అంది అమ్మ.

అట్లా పూల పక్కన సైకిళ్ళు తొక్కాం. కాలువ నడక నిమ్మళం, మాదీ అంతే. గట్టు మీద మలుపులు లేవు కాబట్టి చిన్నబాపుకు చెప్పాల్సిందీ లేదు. కొంగలు మడుల్లో నిలబడి ఉన్నాయి. గొలుసు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ గట్టు మీద అంత దుఃఖంలోనూ నాకు హాయిగా అనిపించింది. అట్లా అనిపించినందుకు ఏడుపొచ్చింది. వెనక్కి తిరగలేను కాబట్టి అమ్మ మొహం నాకు కనిపించలేదు. ఆమె చెయ్యి మాత్రం నా నడుము పట్టుకుని ఉంది.

పోనుపోను కాలువ సన్నబడింది. ఒకచోట తూములోంచి ఒక పాయ పక్కకు చీలింది, మరోచోట ఇంకొకటి. పూలు కొన్ని ఇటు, కొన్ని అటు పోయాయి. చివరికి మిగిలిన పాయ గజం వెడల్పు కూడా లేదు. అది తిన్నగా పోయి ఒక వరిమడిలో పడింది. అంతటితో కాలువ అయిపోయింది. ముందు మూసీ లేదు, నాట్లు వేస్తున్న నేల ఉంది. మా బంతిపూలు రెండో మూడో నారు మొక్కల మధ్య తిరుగుతున్నాయి.

చిన్నబాపు సైకిల్ దిగి గట్టు మీద కూలబడ్డాడు. "అన్నను పొలంల నిలబెట్టిన వదినే" అని తల కొట్టుకున్నాడు. మడిలో పార పట్టుకుని నీళ్ళు మళ్ళిస్తున్న ముసలామె మమ్మల్ని చూసింది. "ఏం చెప్పకు, కొడ్తరు" అని చిన్నబాపు గొణిగాడు. అమ్మ వినలేదు. చెప్పులు విడిచి మడి గట్టు మీద నడిచి ఆమె దగ్గరికి పోయింది.

"అక్కా, మా ఇంటాయన బూడిద కాలువల కలిపినం. కృష్ణకు పోతడనుకున్నం. మీ మడిలకొచ్చిండు. తప్పైంది."

ముసలామె పూల వైపు చూసింది, అమ్మ బోసి నుదుటి వైపు చూసింది. తిట్టలేదు.

"ఈ మడి నీళ్ళు కిందికి తెంపితే వాగులకు దిగుతయి చెల్లె. వాగు మూసీల పడతది." అంటూనే మడి చివరికి నడిచి, కింది గట్టును పారతో ఒక్క పోటు పొడిచింది. నీళ్ళు గండి పట్టుకుని బొళబొళమని కిందికి పడ్డాయి. బంతిపువ్వు ఒకటి అటు కదిలింది. చిన్నబాపు లేచి నిలబడి దండం పెట్టాడు.

అమ్మ ఆ నీళ్ళనే చూస్తోంది. "నీ మడి ఎండదా అక్కా? మళ్ల నీళ్ళెప్పుడొస్తయి?"

"ఇయ్యాల నీళ్ళ వంతు నాది. మళ్ల వంతు తిరిగి రావాలె గద, జర ఎండుతది. నాటేసింది సగం పోవచ్చు." ఆమె అది ఫిర్యాదులా అనలేదు, అడిగినందుకు చెప్పింది. "పోనియ్యి. మీ మనిషి పోవాలె గద."

అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగగట్టి మడిలో దిగింది. వంగి, రెండు చేతులతో బురద ఎత్తి గండిలో వేసింది. నీళ్ళు కోసుకుపోతుంటే మళ్ళీ వేసింది. నేను దిగబోతే వద్దని తల అడ్డంగా ఊపింది. ముసలామె పార ఇవ్వబోయినా తీసుకోలేదు. బొళబొళ తగ్గి, ధార సన్నబడి, ఆగింది. మడి మళ్ళీ నిండటం మొదలైంది.

అమ్మ ఆ తడి మట్టిని అరచేత్తో మెత్తుతూ, మేమెవరం లేనట్టు నీళ్ళతో అంది: "ఇగ యాడికి పోకు. ఈడనే ఉండు."