కత్తి కొనన మిగిలిన నీలం

ఒక జూన్ నెల మొదటి తేదీన నన్ను మార్కాపురం వైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ బార్బర్‌గా వేశారు. ఇప్పుడా ఆసుపత్రి లేదు గనుక పేరు అక్కర్లేదు. హోదాలో స్వీపర్‌కు ఒక మెట్టు పైన, వార్డుబాయ్‌కి ఒక మెట్టు కింద. పని మాత్రం డాక్టర్ కంటే ముందు నాదే. కోత పడే చోట వెంట్రుక లేకుండా గొరిగి, చర్మం తెగకుండా అప్పగించాలి. తెగితే చీము పడుతుందని సర్జన్ ఆపరేషన్ వాయిదా వేసేవారు. ఆయన వచ్చేది వారానికొక్కసారి, గురువారం.

నా కత్తికి కురిచేడు నుంచి కొమరోలు దాకా పేరు. మూడు జిల్లాల సర్జన్లు నా పదును చూసి ముక్కున వేలేసుకున్నారు. సరే, సర్జన్లెవరూ చూడలేదు. మెచ్చుకున్నవాళ్ళు ఇద్దరు, అందులో ఒకడు మా బావమరిది.

నా సానరాయి పలకల ఫ్యాక్టరీలో విరిగి పారేసిన నల్లపలక ముక్క. దాని మీద నీళ్ళు చల్లి, కత్తి వెన్నూ అంచూ రెండూ ఆనేలా పడుకోబెట్టి, అంచు ముందుగా తోయాలి. రాయి వెడల్పు కత్తి పొడవు కంటే తక్కువ కాబట్టి తోస్తూనే పక్కకు జరపాలి. పిడి దగ్గర మొదలైన తోపు కొన దగ్గర ముగియాలి. అక్కడ కత్తిని ఎత్తకుండా వెన్ను మీదే దొర్లించి రెండో వైపు లాగాలి. చేతి బరువు వేయకూడదు. నేను వేసేవాణ్ణి. చిన్నప్పుడు బలపం విరిగేలా నొక్కి రాసిన చెయ్యి, పలక తగిలితే ఊరుకోదు. నొక్కితే మణికట్టు బిగుస్తుంది, బిగిసిన మణికట్టు తోపు చివర పైకి లేస్తుంది. పదును చూడ్డానికి ముంజేతి వెంట్రుకల మీద కత్తి నడుము, అంటే అంచు మధ్యభాగం, ఆనించేవాణ్ణి. నడుము ఎప్పుడూ తెగేది.

ఆ వానాకాలం ఒక గురువారం ఏసురత్నం వచ్చాడు. కొమరోలు దగ్గర పల్లె, కూలి మనిషి. గజ్జలో పేగు జారిన హెర్నియా. బల్ల మీద పడుకొని, చుట్టరికం లేకపోయినా వరస కలిపి, "కదలొద్దంటివి గదా బావా, ఊపిరి గూడా నిన్నడిగే పీలుస్తా" అన్నాడు.

"పీల్చుకో బావా. నా కత్తి కింద ఈగ గూడా నిద్రపోతాది" అన్నాను.

గజ్జ మడతలో కొనతోనే గొరగాలి. కొన వెంట్రుకలో ఇరుక్కుంది. నొక్కాను. వడ్లగింజంత తెగింది.

హెడ్ సిస్టరమ్మ చూసింది. "ఏందయ్యా ఇది?"

"కదిలినాడమ్మా" అన్నాను.

ఏసురత్నం నా వంక చూశాడు. తర్వాత ఆమెతో, "అవునమ్మా, నేనే కదిలినా. బావనేం అనొద్దు" అన్నాడు.

సిస్టరమ్మ గాయానికి పత్తితో నీలం మందు పూసింది. ఆపరేషన్ వచ్చే గురువారానికి మార్చారు. "మళ్ళీ నీ చేతికే వస్తా బావా" అని భార్య మరియమ్మతో బస్సుకు పోయాడు.

కంగారులో నేను అదే పత్తితో కత్తి తుడిచాను. అంచంతా నీలమైంది. మధ్యాహ్నం సానరాయి మీద పది తోపులు తోస్తే నడుము తెల్లబడింది, కొనన వేలెడు మేర నీలం అలాగే ఉంది. ఇంకో పది తోశాను. అలాగే ఉంది. నా కత్తి కొన రాయిని ఏనాడూ ముట్టలేదని అప్పుడు తెలిసింది. సిస్టరమ్మకు చెప్పలేదు.

ఆదివారం ఏసురత్నానికి ఆ జారిన పేగు మెలిపడి బిగుసుకుంది. ఒంగోలుకని ఆటోలో బయలుదేర్చారు. దారిలోనే పోయాడు.

గురువారం మరియమ్మ ఆసుపత్రి చీటీ తిరిగి ఇవ్వడానికి వచ్చింది. "కాసేపు కదలకుండా పండుకోలేకపోతివా అని తిడతానే ఉంటిని అన్నా, పోయేదాకా. ఒక్క మాట ఎదురు చెప్పలేదు" అంది.

నేను చీటీ తీసుకున్నాను.

తర్వాత నెల రోజుల్లో చేతి వాటం మార్చుకున్నాను. పిడిని రెండు వేళ్ళతోనే పట్టడం, మణికట్టు వదులుగా ఉంచడం, కత్తి బరువు తప్ప మరో బరువు వేయకపోవడం. సాన పట్టే ముందు అంచుకు నీలం పూసి, కొనన చుక్క కూడా మిగలకుండా పోయేదాకా తోయడం. రిటైరయ్యేదాకా మళ్ళీ ఒక్కరికీ గాటు పడలేదు. ఇందులో అబద్ధం లేదు, గొప్పా లేదు.

పదునును కొన దగ్గర చూడాలి. నేర్చుకున్నది అంతే. ఏసురత్నం కదల్లేదు. ఆ మాట రాయడం ఇదే మొదలు. మరియమ్మకు చదువు రాదు.