గూట్లో మూతపెట్టిన గలాసు

మా ఎదురింటి అవ్వ పోయిందన్న కబురు నేను బత్తలపల్లెలో, పుట్టింట్లో ఉండగా తెలిసింది. బస్సు దిగి వచ్చిన మా మరిది గడప లోపలికి కూడా రాకుండానే, "వదినా, ఎదురింటి అవ్వ నిన్న పొద్దున పోయింది. మట్టి చేసేది కూడా అయిపాయ" అన్నాడు. చేతిలోని చేట అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ఇంక చెప్పుకోవడానికి ఆ మనిషి లేదు అన్నదొక్కటే మనసులో తిరిగింది. ఏం చెప్పాలనుకున్నానో, పదమూడేళ్ళు ఎందుకు చెప్పలేకపోయానో ఇప్పుడు మీతో చెప్పుకుంటాను.

పెనుకొండ కోట లోపలి వీధి మాది. ఒకప్పుడు రాయలవారు ఎండాకాలం విడిది చేసిన ఊరట. చల్లదనమంతా వాళ్ళే మూటగట్టుకుని పోయినట్టున్నారు, నేను కాపురానికి వచ్చేసరికి మాకు కొండ సెగ, ఉప్పుబావులు మిగిలాయి. పెరటి బావి నీళ్ళు అంట్లకూ స్నానాలకూ సరి. తాగే నీళ్ళకు కోటవాకిలి దాటి మంచినీళ్ళ బావికి పోవాలి. అయినా ఉగాది వెళ్ళిందంటే ఆ వీధిని చూడాలి! పందిళ్ళు, భజనలు, దోసకాయల బండ్లు, షర్బత్తు సాయిబు గంట. శ్రీరామనవమికి వీధంతటికీ పానకం మాత్రం అవ్వ చేతిదే. ఆమె అత్తగారి కాలం నుంచీ అది ఆ ఇంటి హక్కు.

ముందురోజే రాగి గంగాళాన్ని చింతపండుతో తోమి అరుగు మీద బోర్లించేది. మిరియాలు దంచుతూ, దారిన పోయే ప్రతివాణ్ణీ పలకరించేది, సగం మందిని తిట్టేది. "ఏమప్పా సాయిబూ, ఈ పొద్దు నీ బేరం పండుకున్నట్లే. వచ్చి మా పానకం తాగిపో" అనేది. అంత పానకం కలిపినా నాలుక మీద చుక్క వేసుకునేది కాదు. దేవుడికి చూపించక ముందు ఎవరూ రుచి చూడకూడదు. "ముక్కు ఉండాది కదే, నాలుకెందుకు?" అని వాసన పట్టి, ఇంకో పిడికెడు బెల్లం వేసేది. ఉప్పునీళ్ళకు వాసన ఉండదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. మంచినీళ్ళ బావిలో చెంబుతో తోడుకోవలసి వచ్చింది. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. "ఈసారి నీళ్ళు నీ చేత్తో తెచ్చి పోయ్ పాపా" అని నన్ను పిలిచింది. కొత్త కోడలికి అంతకన్నా ఏం కావాలి? నాలుగో బిందె తెస్తూ కోటవాకిలి రాళ్ళ మీద జారిపడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. నీళ్ళు చూస్తుండగానే దుమ్ములో ఇంకిపోయాయి. మళ్ళీ వరుసలో నిలబడితే మధ్యాహ్నమవుతుంది, చెబితే మా అత్త ఊరుకోదు. పెరటి బావిలో ఒక బిందె తోడుకొచ్చి గంగాళంలో పోసేశాను. అంత బెల్లంలో ఒక్క బిందె ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కరువులో ఆ నీళ్ళు ఇంకెంత ఉప్పెక్కి ఉంటాయో తట్టలేదు, నా మొద్దు బుర్రకు.

భజన పెద్ద మొదటి గుక్కే ఉమ్మేశాడు. "థూ! ఏమవ్వా, ఇది పానకమా, కషాయమా?"

వెనకవాళ్ళు గలాసులు దించేశారు. అవ్వ తనూ ఒక గుక్క తాగింది. నా ముఖం చూసింది. గీరుకుపోయిన నా మోచెయ్యి చూసింది.

"నాదే తప్పప్పా," అంది. "కండ్లు సరిగా కనపడక ఉప్పుబాయి నీళ్ళు పోసినా."

నేను పైటచెంగు లాగి మోచెయ్యి కప్పుకున్నాను. అందరూ గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. దేవుడికి పెట్టింది పారబోయకూడదని ఆమె గంగాళం పక్కనే కూర్చుని, చాతనైనంతా గలాసు తర్వాత గలాసు తాగింది. నేను మా తలుపు సందులోంచి చూశాను. పోయి ఒక్క గలాసు పంచుకుని ఉండొచ్చు. ఆ బుద్ధి కూడా పుట్టలేదు.

మరుసటి ఏడు పెద్దలు "అవ్వకు వయసైపాయ" అని పానకం పని మూలింటి వాళ్ళకు అప్పగించారు. ఆమె సరేనప్పా అంది. కానీ ప్రతి నవమికీ గంగాళం తోమి బోర్లించి, విసనకర్రతో పక్కనే కూర్చుని మా వాకిలి వైపు చూసేది. నా మీద కోపమనుకున్నాను. ఆ ఒక్కరోజు మాత్రం ఆ గడప తొక్కేదాన్ని కాదు. మిగతా రోజుల్లో నా బిడ్డలకు నీళ్ళు పోసిందీ ఆమే, "ఏమే పాపా, తింటివా?" అని అడిగిందీ ఆమే. ఒకసారి ధైర్యం చేసి "అవ్వా, ఆ పొద్దు..." అన్నాను. దంచుతున్న రోకలి ఆపింది. ఎంతసేపో ఆపింది. "ఆ పొద్దు తీసుకున్న చేట ఇస్తావా?" అనేశాను. చీ, నా బతుకు! లేచి చేట తెచ్చిచ్చింది.

పదోరోజుకు పెనుకొండ చేరాను. అవ్వ కూతురు వంటింట్లో సామాన్లు సర్దుతోంది.

"అక్కా, నిన్నొకటి అడగాల," అంది. "మాయమ్మ ప్రతి నవమికీ ఒక్క గలాసు పానకం కలిపి ఈ గూట్లో మూతపెట్టేది. ఎవరికమ్మా అంటే, 'ఎదురింటి పాప వస్తుందిలే. దానికి నాతో చెప్పుకునేది ఉండాది' అనేది. మాపటిదాకా చూసి తనే తాగేది. మొన్న నవమికీ పెట్టింది. నువ్వెందుకు రాలేదక్కా?"

నేను గూటివైపు తిరిగాను. సున్నం కొట్టిన గూటి గచ్చు మీద గలాసు అడుగు ముద్రలు గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, బెల్లం రంగులో ఉన్నాయి. మొన్నటిది ఇంకా జిగటగానే ఉంది. దాని చుట్టూ చీమలు తిరుగుతున్నాయి.