ఇద్దరూ అదే అన్నారని చెప్పాను

మా ఇంట్లో చెదలు లేవని మావయ్యగారు ఎవరితోనైనా గొప్పగా చెప్పినప్పుడల్లా, నేను ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోతాను. ఏళ్లుగా ఇదే వరస. ఆ మాట వినలేను. కాదని చెప్పలేను. ఇంత బరువు లోపల పెట్టుకుని ఆయనకి రోజూ నవ్వుతూ కాఫీ ఎలా అందిస్తున్నానో నాకే తెలీదు. ఇవాళ మీతో చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియకపోవడమే నా ధైర్యం.

మావయ్యగారంటే మా ఆయన నాన్నగారు. చల్లపల్లి దగ్గర పల్లెలో జీవితమంతా మగ్గం మీదే బతికిన మనిషి. అత్తయ్యగారు పోయాక, ఆటోనగర్ దగ్గరున్న మా ఇంటికి వచ్చేస్తూ ఆ మగ్గాన్ని కూడా విప్పి తెచ్చుకున్నారు. ముందుగదిలో నిలబెట్టుకున్నారు. అమ్మకానికేం కాదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు కూర్చుని తువాళ్లు నేసేవారు. మా ఇంట్లో కొన్న తువాలు అంటూ ఉండేది కాదు.

మా పుట్టింటివాళ్లదీ నేత కుటుంబమే. కాకపోతే మా తాత రోజుల్లోనే మగ్గం దిగి, గవర్నర్‌పేటలో బట్టల కొట్టు పెట్టారు. ఒకసారి అక్కణ్ణుంచి మా వదిన వచ్చి, గదిలోకి తొంగిచూసి, "ఇంకా నేస్తున్నారా!" అని నవ్వింది. మామూలుగానే నవ్విందేమో. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచీ ఆ మగ్గం నాకు అడ్డంగా కనిపించడం మొదలైంది. పదో తరగతికొచ్చిన పిల్లకి చదువుకోవడానికి గది లేదని అందరితో అనేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ అదే అసలు కారణమా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా పిల్ల పేరు చెప్పి తప్పించుకునేదాన్ని.

ఆ వానల్లో మగ్గం గుంజ మీద చెదల మట్టి గీత పైకి పాకింది. ముందు చూసింది మావయ్యగారే. చెదలకి మందు కొట్టే మంచి కంపెనీ ఏదో విచారించి పిలిపించమ్మా అని నాకు అప్పగించి, ఒంట్లో బాగాలేని చెల్లెల్ని చూడ్డానికి ఊరెళ్లారు.

మొదట వచ్చినాయన మగ్గం అంతా తట్టి చూశాడు. ఒక్క గుంజే డొల్లయిందని, దాన్ని మార్పించి మిగతా చెక్కకి చిన్న చిన్న బెజ్జాలు వేసి మందు ఎక్కిస్తే మగ్గానికి ఏమీ కాదని చెప్పాడు. ఆలోచించుకుని ఫోన్ చేస్తానని పంపించేశాను. ఆలోచించడానికి ఏముంది? ఆ మంచి మాట విని నాకు నీరసం వచ్చింది. ఆ నీరసమే నా తప్పుకి మొదలు.

కంపెనీని ఎంచుకునేటప్పుడు మీరైతే ఏం అడుగుతారు? ఏ మందు కొడతారు, పిల్లలకి ప్రమాదమా, మళ్లీ వస్తే ఊరికే చేస్తారా, ఇవే కదా. నేను అవేవీ అడగలేదు. ఫోన్‌లో దొరికిన కంపెనీలన్నిటికీ వరసగా కొట్టి, చెదపట్టిన పాత చెక్క సామాను ఇంట్లో ఉంటే తీసేయమంటారా అని అడిగాను. వచ్చి చూస్తేగానీ చెప్పలేం అన్నవాళ్లకి దణ్ణం పెట్టేశాను. తీసేయాల్సిందేనండీ అన్నవాణ్ణి ఆ సాయంత్రమే రమ్మన్నాను. అతను గుమ్మంలోంచే చూసి, రిస్క్ ఎందుకు మేడమ్ అన్నాడు. నాకు కావలసిన మాట దొరికింది.

మావయ్యగారు తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుంటూనే అడిగారు.

"ఏమన్నారమ్మా?"

"తీసేయాలంటండీ. లేకపోతే తలుపులకి కూడా పాకుద్దంట."

"ఒక్కణ్ణే అడిగావా, ఇంకెవర్నన్నా అడిగావా?"

"ఇద్దరొచ్చారు మావయ్యగారూ. ఇద్దరూ అదే అన్నారు."

ఆయన కాసేపు గుంజ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "అయితే తీయించెయ్యమ్మా. దీనికోసం ఇల్లు పాడుచేసుకుంటామా? పిల్లకీ గది కుదురుద్ది."

నాకు ఏడుపొచ్చేసింది. మగ్గం పోతోందని ఏడుస్తున్నాననుకున్నారు ఆయన. "ఊరుకో అమ్మా, నువ్వేం చేస్తావు" అంటూ భుజం మీది తువాలు తీసి ఇచ్చారు. ఆయన నేసిందే. దానితోనే కళ్లు తుడుచుకున్నాను. అప్పుడైనా చెప్పేయొచ్చు కదా? మర్నాడు ఆయనే కూర్చుని, సగం నేసిన తువాలుని పడుగు నుంచి కోసి నా చేతిలో పెట్టారు. అది ఇప్పటికీ బీరువాలో ఉంది. వాడలేను, పారేయలేను.

పిల్ల ఆ గదిలో రెండేళ్లు చదివి హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఇప్పుడక్కడ ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు, పాత కూలరు ఉన్నాయి. మావయ్యగారు హాల్లో టీవీ ముందు కూర్చుంటారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆయన పాదాలు ఒకదాని తర్వాత ఒకటి నేలని నొక్కుతుంటాయి, కింద మగ్గం తొక్కుడుకర్రలు ఉన్నట్టే. ఆయనకి ఆ సంగతి తెలీదు.

మొన్న ఎదురింటావిడ వచ్చింది. వాళ్ల అమ్మగారి పందిరిమంచానికి చెద పట్టిందట. మావయ్యగారు ఎంతో ముచ్చటగా, "మా కోడల్ని అడగండి, బాగా విచారించి ఎంచింది" అన్నారు. ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్లి, మొదట వచ్చినాయన నంబరు ఇచ్చాను. ఇన్నేళ్లూ ఫోన్‌లోంచి చెరపలేదు దాన్ని. ఎందుకు దాచుకున్నాను? ఎందుకు ఇచ్చాను? ఆ మంచం బాగవుతుంది. ఆవిడ సంతోషం పట్టలేక మావయ్యగారి దగ్గరికే వచ్చి చెబుతుంది. ఆయన నన్ను పిలిచి, ఈయన ఎవరమ్మా, మన మగ్గం చూడలేదా అని అడుగుతారు.

అడగాలనే ఇచ్చానేమో. క్షమిస్తారని కాదు. బహుశా ఏమీ అనరు కూడా, అదే నాకు భయం. ఆ రోజు తడబడకుండా ఉండాలని ఇక్కడ ఒకసారి చెప్పి చూసుకుంటున్నాను. మీ మగ్గం బాగవుతుందని మొదటాయన చెప్పాడు, మావయ్యగారూ. నేను విన్నాను. మీకు చెప్పలేదు.