అత్త కన్ను, రంగూన్ హంతకుడు

పోయిన నెల నాకు కంటిలో శుక్లం తీశారు. పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేశాను. కొన్నాళ్లు పుస్తకం ముట్టవద్దన్నారని మా మనవరాలు ఫోనులో ఒక అపరాధ పరిశోధన నవల పెట్టి వినమంది. ఎవరో కుర్రాడు గొంతు బరువు చేసుకుని గంటల తరబడి చదివాక తేలిందేమంటే, హంతకుడు చచ్చినవాడి కవల సోదరుడట. అంతవరకూ కవల ఉన్నాడని మాటమాత్రమైనా చెప్పలేదు. ఒళ్లు మండిపోయింది. నా కుర్రతనం నుంచీ చేస్తున్న మోసమే కదా, ఇంకా సిగ్గు రాలేదా వీళ్లకి?

ఈ విషయంలో కోప్పడే హక్కు నాకుంది. అరవైల చివర, బి.ఎ. పాసై ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో, శ్రీకాకుళంలో నేను చదవని డిటెక్టివ్ నవల లేదు. సరే, కాస్త ఎక్కువ చెప్పాను. అద్దె పుస్తకాల కొట్టులో రెండు అరలుండేవి. డిటెక్టివ్ అర పూర్తిచేశాను, దెయ్యాల అర మాత్రం పట్టపగలు, పక్కన మనిషి ఉంటేనే చదివాను. అంత భయపడి చదివినా చివరికి తలుపు చాటునుంచి దూకేది ఓ పిల్లి. డిటెక్టివేమో పేజీకో సిగరెట్టు కాల్చి, మనకు చూపించని ఆధారమేదో జేబులో వేసుకుని, చిరునవ్వు నవ్వుతాడు. మనమేమో వెధవలం.

శ్రీముఖలింగం దగ్గర ఒంటరిగా వ్యవసాయం చేయించుకునే మా మేనత్తకు చిన్నప్పుడే అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. రెండోదానికి శుక్లం కమ్మితే శ్రీకాకుళం ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. అప్పట్లో అదొక తపస్సు. కళ్లకు కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, కదలొద్దు, దగ్గొద్దు, నవ్వొద్దు, కుట్లు తెగితే ఆ కన్నూ దక్కదు అన్నారు. పొలంలో దినమంతా తిరిగే మనిషిని మంచం మీద కట్టిపడెయ్యడం నా పనైంది. భయంతో బిగుసుకుని పడుకుంటుందని దెయ్యాల నవల అందుకున్నాను.

రెండో అధ్యాయంలోనే కొంప మునిగింది. "ఒరే అల్లుడా, ఆ దెయ్యం వానలో తిరుగుతున్నాది గదా, సీర అంత తెల్లగా ఎలాగున్నాదిరా? ఎవుడు ఉతుకుతన్నాడు?" అంటూ పొట్ట అదిరేలా నవ్వబోయింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను చెడామడా తిట్టింది.

మర్నాడు డిటెక్టివ్ నవల తెచ్చాను. జమీందారు హత్య. అత్త ఊపిరి బిగబట్టి విన్నది. "తమ్ముడేరా. అన్న శవం ఇంట్లో ఉండగా ఉప్మాలో ఉప్పు తక్కువన్నాడు సూడు, ఆడే" అని తేల్చేసింది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆఖరి అధ్యాయం మీద కళ్లు పరుగెత్తిస్తే, హంతకుడు అంతవరకూ కథలో కాలు పెట్టనివాడు, రంగూన్ నుంచి రహస్యంగా ఓడ దిగినవాడు. ఇది వింటే అత్త మంచం మీంచి లేచి కూర్చుంటుంది. పుస్తకం తెరిచి పట్టుకుని, తమ్ముడి చేతే నేరం ఒప్పించి, ఏడిపించి, పోలీసులకు అప్పగించాను. అత్త "సెప్పానా" అని తృప్తిగా నిద్రపోయింది. డాక్టరుగారు నా సమయస్ఫూర్తిని తెగ మెచ్చుకున్నారు. అదీ అబద్ధమే, పాపం ఆయనకు సంగతే తెలియదు.

కట్టు విప్పారు. కన్ను దక్కింది. ఇంటికెళ్లే బస్సులో అత్త కిటికీలోంచి ఆకుమళ్లను తనివితీరా చూసి, నావైపు తిరిగింది. "ఆఖర్న శానాసేపు సదివినావు గానీ, పేజీ తిప్పిన సప్పుడు ఒక్కటీ నేదురా. అసలాడు ఏటి రాసినాడు?"

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"తమ్ముణ్ణి ఎదురుగా ఎట్టుకుని రంగూన్ దాకా ఎల్లినాడా? నాకంటే కళ్లకి కట్టు కట్టినారు, ఆడికేటైందిరా?"

ఇప్పుడు నవలలకు అట్టలు బాగుంటున్నాయి, అచ్చు బాగుంటోంది, కన్ను బాగుచేసే పద్ధతి అంతకన్నా బాగుంది. రాసినవాళ్లను అంత హక్కుగా నిలదీసే అత్త మాత్రం లేదు. హంతకుణ్ణి ముందే పట్టేసినా, ఎవరితో చెప్పుకోను?