చెవిలో అడగవలసిన ప్రశ్న

టీకాలు దాచే ద్రవ నత్రజని క్యాను మూత తీస్తే తెల్లటి పొగ వేళ్ళ మీదుగా పాకుతుంది. ఈ ఉదయం ఉక్కునగరం పక్కన నిర్వాసితుల కాలనీలో పశువుల శిబిరం. ఆ చలి చేతికి తగలగానే సన్యాసిరావు గారు నా పక్కన నిలబడి దగ్గినట్టే అనిపించింది. నేను పశువుల డాక్టరుగా చేరిన కొత్తలో మా ఆసుపత్రికి ఆయనే పెద్ద. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కోపం వస్తే మాత్రం మెల్లగా మాట్లాడేవారు. ఆయన పోయి ఏడాది దాటింది.

పశువుల రక్తం పీల్చే పిడుదులు మోసుకొచ్చే థైలేరియా జబ్బుకు వేసే టీకాలో బతికున్న క్రిమే ఉంటుంది, కాకపోతే బలం తగ్గించినది. అందుకే చూడి పశువుకు వేయకూడదు. అది నాకు తెలుసు. తెలుసు గనకే నా మొదటి శిబిరంలో బల్ల ముందు కూర్చుని, వరసలో వచ్చిన వాళ్ళందరినీ "చూడిదా?" అని గట్టిగా అడిగాను. ఉక్కునగరం క్వార్టర్లకు పాలు పోసే పైడమ్మ పెయ్యను పట్టుకొచ్చింది. ఉన్న ఆవు వట్టిపోయింది, ఈ పెయ్య ఈనితేనే ఆమె ఇంట మళ్ళీ పాలు. అటూ ఇటూ చూసి "నేదమ్మా" అంది. వేసేశాను.

పది రోజులకు పెయ్యకు జ్వరం. సన్యాసిరావు గారు భుజం దాకా తొడుగు వేసుకుని, చెయ్యి పెట్టి చూసి, "రెండో నెల దాటింది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధం చెప్పింది సార్!"

"అందర్లో అడిగితే ఏటి సెప్తాది? మూడో నెల నిండకుండా బయటపెడితే దిష్టి తగుల్తాదని ఈళ్ళ భయం. మనిసికైనా, గొడ్డుకైనా." గొంతు ఇంకా తగ్గించారు. "కడుపులో దూడని తరిమేయకుండా తల్లి ఒళ్ళు కూసింత మెత్తబడతాది. ఆ ఒళ్ళుని నువ్వు టీకాలో క్రిమితో పోట్లాటకి తోసేవు."

నాలుగు రోజులు పొద్దునా సాయంత్రమూ నన్ను స్కూటరు మీద తీసుకెళ్ళి థర్మామీటరు నా చేతికే ఇచ్చారు. ఐదో రోజు కడుపు పోయింది. పైడమ్మ పెయ్య మెడ నిమురుతూ, "నాను నిజం సెప్పుంటే బాగున్ను" అంది. తప్పు ఆమె నెత్తిన వేసుకుంటుంటే నాకు లోలోపల హాయిగా అనిపించింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. ఆయన మాత్రం వీధిలోకి వచ్చి నలుగురూ వినేలా, "నీది కాదు పైడమ్మా, తప్పు మాది. సెయ్యెట్టి సూసి వెయ్యాల. సూడలేదు" అన్నారు. వేసింది నేను. ఆయన "మాది" అన్నారు. అంతవరకూ ఆయనంటే భయం, ఆ రోజు నుంచి ప్రేమ. మరుసటి ఏడు ఆ పెయ్య ఈనినప్పుడు పైడమ్మ మా ఇద్దరికీ జున్నుపాలు పంపింది.

అప్పటినుంచి నేను బల్ల వేసుకోను. ప్రతి పశువు దగ్గరకీ నడిచి వెళ్ళి, తర్వాతి శిబిరాల్లో ఆయన చేసినట్టే, "ఎదకొచ్చి ఎన్నాళ్ళయింది?" అని పట్టుకొచ్చిన మనిషి చెవిలో అడుగుతాను. అనుమానం ఉంటే చెయ్యి పెట్టి చూస్తాను. ఈ ఉదయం ఒక కోడలు పిల్ల వెనక్కి చూసుకుని, "రొండు నెల్లయ్యిందమ్మా. మా తోటికోడలికి తెలనీకండి" అని గొణిగింది. నేను క్యాను మూత పెట్టి, వీధంతా వినేలా, "దీనికి ఒంట్లో నలతగా ఉంది, టీకా తర్వాత వేద్దాం!" అని అరిచాను.

ఆ అబద్ధం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.