పెద్ద ఓడ దిగివచ్చిన పెళ్ళికొడుకు

నేను ప్రొద్దుటూరులో పెళ్ళిళ్ళకూ ఫంక్షన్లకూ వంట చేస్తాను. పేరు ఖలీల్. మంటా పొగా నాకెప్పుడో అలవాటైపోయాయి. ఇన్నేళ్ళయినా అలవాటు కానిది ఒక్కటే, బంతి లేచాక ఆకుల వైపు చూడడం. ముక్కలేరుకుని అన్నం వదిలేసినవాడొకడు, ముక్కను ఒక్కసారి కొరికి పక్కన పెట్టినవాడొకడు, బిర్యానీ గుట్టలోనే చెయ్యి కడుక్కున్నవాడింకొకడు. ఆ చెయ్యి కడుక్కున్నవాణ్ణి చూస్తే మాత్రం గరిటె పట్టుకుని వెంటపడాలనిపిస్తుంది. పడను. వాళ్ళింట్లో ఇంకో పెళ్ళి ఉంటుంది, మళ్ళీ నన్నే పిలవాలి కదా.

ఈ రోతలో నాకు తోడు ఒక్కడే ఉన్నాడు. వాడు సురేంద్ర. రాజుపాలెం దగ్గర పల్లె. ఇంటర్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్ళది తాతల నాటి నుంచీ గొర్రెలు మేపే ఇల్లు, ఇప్పుడు కొంచెం శనగ కూడా వేస్తున్నారు. గొర్రెను వాళ్ళు గొర్రె అనరు, జీవం అంటారు. పండగకో మొక్కుకో ఒక జీవాన్ని కోయాలంటే మా నాయన వెళ్ళి కోసేవాడు, వెనకాలే నేనూ వెళ్ళేవాణ్ణి. సురేంద్ర వాళ్ళమ్మ రామసుబ్బమ్మ తలకాయ ఒక పూట, కాళ్ళు ఒక పూట, బోటీ ఒక పూట వండేది. గడ్డకట్టిన నెత్తురును, అదే నల్లను కూడా వదిలేవాళ్ళు కాదు. అది మేం తినం గానీ మిగతావన్నీ ఆమె చేతి మీదుగా తిన్నవాణ్ణే. తోలు షావుకారుకు పోయేది, ఎముకలు మంద కాసే కుక్కలకు పోయేవి. ఆ ఇంట్లో పారేసే భాగం అంటూ ఉండేది కాదు.

అలాంటి ఇంట్లో పుట్టినవాడు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, చెన్నైలో ఒక ఏజెంటును పట్టుకుని, విదేశాల్లో విహార ఓడ ఎక్కాడు. ఓడంటే అంతా ఇంతా కాదు. మేడ మీద మేడ, ఈతకొలనులు, సినిమా హాళ్ళు, ఐదు వేల మంది జనం. దాని ముందు నిలబడి ఫోటో తీయించుకుని పంపాడు. ఫోటోలో ఓడే కనిపిస్తుంది, వాణ్ణి వెతుక్కోవాలి. రామసుబ్బమ్మ దాన్ని పెద్దదిగా చేయించి, ఇంట్లోకి అడుగుపెట్టగానే కనిపించేట్టు గోడకు తగిలించింది. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చే ముందు ఓడను చూపించేది.

వాడి పనేమిటో మాత్రం ఎవరూ అడగలేదు. ఎంగిలి ప్లేట్లు ఎత్తడం.

మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు రామసుబ్బమ్మ జీవాన్ని కోయించింది. సంగటి, తలకాయ కూర ముందు పెట్టింది. వాడు సంగటి ముద్దలో వేలు పెట్టి కాసేపు అట్లే కూర్చుని, తినకుండా లేచిపోయాడు. మరుసటి రోజూ అంతే. బ్రెడ్డూ టీలతో సెలవంతా గడిపాడు. ఆమెకు అవమానమైపోయింది.

"మా వంట వానికి గిట్టడం ల్యా ఖలీలూ. దొరల కూడు మరిగినాడు," అంది నాతో. అట్లాగే అయుంటుందని నాకూ ఒళ్ళు మండింది. ఆ ఆదివారం గండికోటకు పోదాం రమ్మని బండెక్కించుకుని, జమ్మలమడుగు దాటాక అడిగేశాను. కోట దాటి లోయ అంచున బండ మీద కూర్చున్నాక వాడు నోరు విప్పాడు.

"మనిషికి ఒక ప్లేటు అనుకుంటాండావేమో. ఒక్కోడు మూడు, నాలుగు ప్లేట్లు నింపుకోనొస్తాడు. పక్కటెముకలు ఇంతింత పెట్టుకుంటాడు, ఒకటి కొరుకుతాడు. బాగల్యాక కాదు, బాగుందని చెప్తానే వదిలేస్తాడు. వాడు ముట్టని ముక్క గూడా మేం నోట్లో పెట్టుకోగూడదు, రూలు. కింద ఒక మిషనుండాది. అంతా దాన్లో ఎయ్యల్ల. అది రుబ్బుతాది. పొద్దుగూకులూ రుబ్బుతానే ఉంటాది. ఆ వాసన నా ముక్కులోంచి పోల్యా ఖలీల్. మాయమ్మ కూర పెడితే దాన్లో గూడా అదే వాసనొచ్చె."

"మరి అమ్మకు చెప్పొచ్చు గదరా."

"ఏమని చెప్పల్ల? జీవాల్ని మిషన్లో ఏసి రుబ్బుతాండానని చెప్పల్లనా? ఈనే గొర్రె పక్కన వానలో గూడా లేయకుండా కూర్చుంటాడు మా నాయన."

ఇంకా చెప్పాడు. పనివాళ్ళ గదులు నీటి మట్టానికి కిందనట, కిటికీ ఉండదట. సముద్రం మీద ఉంటూ సముద్రాన్ని వారాల తరబడి చూడలేదట. ఏదో చిన్న ఊరి రేవులో ఓడ ఆగితే ఐదు వేల మందీ ఒక్కసారే ఆ వీధుల్లోకి దిగుతారట. ఆ ఊరి ముసలివాళ్ళు తలుపులు వేసుకుంటారట. సాయంత్రానికి మళ్ళీ ఎక్కి, ఊరు బాగుందని చెప్పుకుంటూ మళ్ళీ ప్లేట్లు నింపుకుంటారట. ఎంగిలాకుల వైపు చూడడమే నాకు కష్టం. రోజూ ఎత్తేవాడికి ఎట్లా ఉంటుందో.

ఒప్పందం ముగిశాక వాడు ఆ ఓడకు మళ్ళీ పోలేదు. చిన్న ఓడలో చేరాడు. వంద మంది కూడా పట్టని ఓడ. ఈతకొలను లేదు, హాలు లేదు, జీతమూ తక్కువే. ఫోన్ చేసి, "మన గండికోట లోయ మాదిరి సందుల్లోకి పోతాదిరా ఇది. రెండు పక్కలా కొండ, మధ్యలో మేము. పెద్దది ఈడికి రాల్యాదు," అన్నాడు. రేవులో వంటవాడే పోయి పడవలవాళ్ళ దగ్గర చేపలు కొనుక్కొస్తాడట. ఆ పూట ఏం దొరికితే అదే కూర. కావలసినవాడు ఇంకోసారి అడిగి పెట్టించుకుంటాడు, గుట్టలు పోయడం లేదు. ఎవరి పేరేమిటో అందరికీ తెలుసు.

అదేదో స్వర్గం అని కాదు. చిన్న ఓడ కదా, గాలి తిరిగితే ఊయల ఊగినట్టు ఊగుతుంది. మొదటి వారం వాడు కక్కుకుంటూనే పనిచేశాడు. ప్రయాణికులు కక్కిన బకెట్లు ఎత్తింది కూడా వాడే. "అది అంత రోత అనిపించల్యా. కడుపు తిప్పి కక్కినారు పాపం, కావాలని చేసింది కాదు గదా," అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు తలకాయ కూర గిన్నె ఊడ్చి తిన్నాడు. రామసుబ్బమ్మ సంతోషించాలి కదా. కొడుకు తిన్నాడన్న సంతోషం ఒక పూట నిలిచింది, ఓడ చిన్నదన్న దిగులు మాత్రం పోనేలేదు. పల్లెలో ఏమంటున్నారో ఆమె చెవిన పడుతూనే ఉంది. పెద్ద ఓడలోంచి తీసేసినారంట, ఏదో తప్పు చేసినాడంట. ఒకాయనైతే ఇంటికే వచ్చి, "మైలవరం డ్యాములో తిరిగే బోటంత ఉంటాదా అప్పా అది?" అని అడిగిపోయాడు. మన జనానికి ఏదైనా పెద్దదిగా ఉంటే చాలు. ఇల్లు పెద్దదా, కారు పెద్దదా, ఫంక్షన్ హాలు పెద్దదా, ఇదే గోల. ఆ పెద్దదాని కింద ఏం కుళ్ళుతోందో ఒక్కడూ వంగి చూడడు.

అంతలో పులివెందుల నుంచి సంబంధం వచ్చింది. ఆదెన్న అని, ఆయనకూ జీవాలున్నాయి, అరటి తోట ఉంది. కూతురు ఉమాదేవి వేంపల్లెలో ఒక బళ్ళో టీచరు, రోజూ షేర్ ఆటోలో పోయివస్తుంది. ఆదెన్న గోడ మీది ఫోటో చూసి ఒప్పుకున్నాడు. సురేంద్ర ఆ పిల్లను చూసి ఒప్పుకున్నాడు. రెండు మూడుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నాక వాడి మాటల్లో ఉమాదేవి తప్ప ఇంకో పేరు వినిపించడం మానేసింది. ఈ సంబంధం పోతే వాడు తట్టుకోలేడని నాకు అర్థమైపోయింది. ఆ సంగతి రామసుబ్బమ్మకూ అర్థమైంది.

"తాళి పడేదాంకా చిన్న ఓడ మాట ఎత్తొద్దు నాయనా. ఆదెన్న ఇయ్యడు," అని ప్రమాణం చేయించుకున్నంత పని చేసింది. వాడు ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ పిల్లతో మాట్లాడి ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేస్తోందని నాతో అన్నాడు.

నిశ్చితార్థం పులివెందుల్లో, మధ్యాహ్నం భోజనాలు. వంట నాదే. హాలు గేటు దగ్గర ఫ్లెక్సీ వేశారు. ఒక పక్క ఉమాదేవి, ఒక పక్క సురేంద్ర, ఇద్దరి వెనకా ఆకాశాన్నంటే ఆ దిక్కుమాలిన పెద్ద ఓడ. సురేంద్ర దాని కింద నుంచి తల వంచుకుని లోపలికి వచ్చాడు.

ఉంగరాలు మార్చుకున్నారు. ఆ తర్వాత ఆదెన్న ఇంటి పద్ధతి ఒకటి ఉంది. పెళ్ళికొడుకును ఒక్కడినే కూర్చోబెట్టి అరటాకు వేసి వడ్డిస్తారు. అతను తిని కొంత వదిలి లేవాలి. పెళ్ళికూతురు అదే ఆకులో కూర్చుని ఆ మిగిలింది తినాలి. పొద్దుటి నుంచి పిల్లకు ఏమీ పెట్టరు. ఇట్లాంటిది సురేంద్ర వాళ్ళింట్లో లేదు, వాడికి ఎవరూ చెప్పనూ లేదు. వాడు తన పద్ధతిలో తిన్నాడు. బిర్యానీ తిన్నాడు, సంగటి తిన్నాడు, ఎముకలోని మూలుగు జుర్రుకున్నాడు. చివరికి ఆకు మీద చీకిన ఎముకలు తప్ప ఏమీ లేవు.

ఆదెన్న చెల్లెలు, అంటే ఉమాదేవి మేనత్త, బుగ్గ నొక్కుకుంది. "అయ్యో, పిల్లకు మెతుకు గూడా మిగల్చల్యా. రేపు కాపురంలో ఏం పెడ్తాడమ్మా ఈ అబ్బయ్య?"

ఆడవాళ్ళు నవ్వారు. పద్ధతేమిటో వాడికి చెప్పి, మళ్ళీ వడ్డించమన్నారు. మావాళ్ళు మళ్ళీ వడ్డించారు. "కొంచెం తిని లేయప్పా, అంతే," అంది మేనత్త. వాడు ఆ ఆకు వైపు, ఎదురుగా కూర్చున్న ఉమాదేవి వైపు చూశాడు. తినడం మొదలుపెట్టాడు, ఆపలేకపోయాడు. అదీ అయిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారి వడ్డించారు. వాడి నుదుటి నిండా చెమట. ఒక ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి దించేశాడు.

"ఇంక లెయ్యి, అట్లే వదిలిపెట్టు," అన్నాడు ఆదెన్న.

"నాతో కాదు మామా. ఆకులో కూడు వదిలి లేయడం నాతో కాదు. నా ఎంగిలి ఆ అమ్మాయికి పెట్టడం అసలే కాదు."

"అంత పెద్ద ఓడలో పంజేసేవానికి ఈ పట్టింపులేంది?"

సురేంద్ర వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. వాడు అయినా చెప్పేశాడు.

"ఆ ఓడ దిగేసినా మామా. ఏడాదైంది. ఇప్పుడు చిన్న ఓడలో చేస్తాండా. పెద్దదాంట్లో నా పని ఎంగిలి ఎత్తి మిషన్లో ఎయ్యడం. ముట్టని కూరలు గూడా రుబ్బి పారేసినా. రోత పుట్టి మాయమ్మ చేతి కూడు గూడా తినల్యాకపోయినా. దాన్లోకి మళ్ళా పోను."

రామసుబ్బమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుకు తన వంట ఎందుకు ముట్టలేదో ఆమె వినడం అదే మొదటిసారి. ఆదెన్న ముఖం గట్టిపడింది.

"మాకు చెప్పిందేంది, ఈడ జరిగిందేంది? నలుగుర్లో ఫ్లెక్సీ ఏయించినానే. పెద్ద ఓడలోకి మళ్ళా పోతానంటే మాట్లాడదాం. ల్యాకుంటే ఉంగరం తీసి ఈడ పెట్టు."

సురేంద్ర ఎంగిలి చేత్తో ఉంగరం ముట్టుకోకూడదనేమో, ఎడమ చేతికున్న దాన్ని అదే చేతి బొటనవేలితో నెట్టబోయాడు. అది కణుపు దాకా వచ్చి ఆగిపోయింది.

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న ఉమాదేవి అడిగింది. "ఆ చిన్న ఓడలో మీరు ఎవరి తర్వాత తింటారు?"

"తర్వాతంటూ ఏం ల్యా. వడ్డించేసి, అదే బల్ల కొసన నేనూ కూర్చుంటా. కెప్టెనుకూ అదే కూర, నాకూ అదే."

ఆమె మేనత్త వైపు తిరిగింది. "అత్తా, నాకు వేరే ఆకెయ్యండి."

"నోర్ముయ్యి. మీ అవ్వ తినింది, మీయమ్మ తినింది, నేను తిన్నా."

"తిన్నారు. మీకు బాగనిపించిందా అత్తా?"

మేనత్త పక్కనున్న ఆకుల కట్ట లాక్కుని, ఒకటి తీసి, సురేంద్ర పక్కన పరిచింది. నీళ్ళు చల్లి తుడిచింది. ఆదెన్న ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊరుకోన్నా. నా నిశ్చితార్థం పొద్దు మా ఆయన చీకి వదిలిన ఎముక అన్నంలో కలిసి నా నోట్లోకొచ్చె. అందరూ చూస్తాండారని ఉమ్మల్యాకపోతి. ముప్పై ఏండ్లాయ. ఇప్పటికీ కూరలో ఎముక తగిల్తే నాకు అదే గుర్తొస్తాది."

ఆదెన్న తన భార్య వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అల్లుడి చేతి మీద చెయ్యి వేసి, ఉంగరాన్ని తిరిగి వేలి మొదటికి నెట్టాడు.

మేనత్త నా వైపు తిరిగింది. "ఏమప్పా వంట మాస్టరూ, చూస్తా నిలబడినావే. పిల్ల పొద్దుట్నుంచి తినల్యా. అన్నమెయ్యి."